లుకీమియాకు గంజాయి మందు: వైద్యశాస్త్రం ఏమి తేల్చింది, ధర్మశాస్త్రం ఏమి అడుగుతుంది?

సికింద్రాబాదు రైల్వే స్టేషనులో గంజాయి మూటలు పట్టుబడిన వార్త పత్రికలలో తరచు కనబడుతూనే ఉంటుంది. విశాఖ మన్యం నుంచి, ఒడిషా సరిహద్దు కొండల నుంచి బయలుదేరిన సరుకు ఈ స్టేషను మీదుగా దూరప్రాంతాలకు పోతుంది. అదే మొక్క నుంచి తీసిన నూనె రక్త కాన్సరును నయం చేస్తుందన్న మాట ఇప్పుడు నోటి మాటగా, చేతి ఫోనుల ద్వారా రోగుల ఇళ్ళకు చేరుతున్నది. పోలీసులు తగులబెట్టే వస్తువే ప్రాణదాత అని విన్న ముస్లిం కుటుంబం ముందు రెండు ప్రశ్నలు ఒకేసారి నిలుస్తాయి. ఇది పనిచేస్తుందా? పనిచేసినా ఇది పుచ్చుకోవడం ధర్మసమ్మతమా?

మొదటి ప్రశ్నను డాక్టరు వద్దకు, రెండవ దానిని ఆలిము వద్దకు తీసుకుపోవడం పరిపాటి. ఒకరి మాట మరొకరికి అవసరం లేదన్నట్లు రెండూ విడివిడిగానే జరుగుతాయి. కాని నిషిద్ధ వస్తువులతో చికిత్సను గురించి ఫుఖహా చేసిన చర్చను శ్రద్ధగా చదివినవారికి ఒక సంగతి స్పష్టపడుతుంది. అక్కడ అనుమతికి పెట్టిన మొట్టమొదటి షరతే "అందులో స్వస్థత ఉన్నదని తెలిసి ఉండాలి" అనేది. అంటే ప్రయోగశాల ఏమి చెప్పిందో తెలుసుకోకుండా ముఫ్తీ జవాబు పూర్తి కాదు. కనుక ముందు ప్రయోగశాల మాటే చూడవలసి ఉంటుంది.

లుకీమియా అంటే ఎముకల మూలుగలో తెల్ల రక్తకణాలు పక్వానికి రాకుండానే అదుపు తప్పి పెరిగిపోవడం. పనికిరాని కణాలు మూలుగను ఆక్రమించగా ఎర్ర కణాలకు, రక్తం గడ్డకట్టించే సూక్ష్మకణాలకు చోటు ఉండదు. రోగి పాలిపోతాడు, చిన్న దెబ్బకే రక్తస్రావం అవుతుంది, జ్వరాలు విడవవు. వేగంగా ముదిరే రకాలున్నవి, ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగే రకాలున్నవి. అన్నిటినీ ఒకే పేరుతో పిలిచి అన్నిటికీ ఒకే మందు చెప్పేవారిని నమ్మకూడదనడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఈ వ్యాధి చికిత్స చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయం ఒకటున్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్ నగరంలో పిల్లల వ్యాధులపై పనిచేస్తున్న డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ వర్గపు పదార్థాలను లుకీమియా పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు జబ్బు తగ్గకపోగా మరింత ముదిరినట్లు తోచింది. ఆ వైఫల్యమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లం రోగకణాలకు ఆహారమైతే, దానిని అడ్డుకునే పదార్థం వాటిని పస్తు పెట్టాలి గదా! సుబ్బారావు బృందం అటువంటి నకిలీ ఫోలిక్ ఆమ్లాన్ని, అమినోప్టెరిన్‌ను, తయారు చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు: మందు ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. "తాత్కాలికంగా" అన్న మాట ఫార్బరే వాడాడు, దాచలేదు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే మరణించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకీమియా చికిత్సలో భాగంగా ఉన్నది. అప్పట్లో వారాలు, నెలలు లెక్కపెట్టుకున్న వ్యాధి నుంచి నేడు సంపన్న దేశాలలో పదిమంది పిల్లలలో తొమ్మిదిమంది వరకు బయటపడుతున్నారు. ఆ మార్పు ఒక్క మందుతో రాలేదు. అనేక మందులను ఏ వరుసలో, ఏ మోతాదులో ఇవ్వాలో దశాబ్దాల తరబడి వేలాది రోగులపై సరిచూడగా వచ్చింది.

ఆ మందులలో మొక్కలూ ఉన్నవి, విషాలూ ఉన్నవి. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. యూనానీ హకీములు సంఖియా అని, తెలుగువారు పాషాణం అని పిలిచే ఆర్సెనిక్ వర్గం నుంచి ఇంకా ఆశ్చర్యకరమైన ఔషధం పుట్టింది. చైనాలోని హార్బిన్ నగర వైద్యులు 1970 దశకంలో ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను ఒక రకం తీవ్ర లుకీమియాకు వాడి చూశారు. 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ఆమోదించింది. విటమిన్ 'ఎ' జాతికి చెందిన మరొక మందుతో కలిపి ఇస్తే, అంత తీవ్రంగా లేని దశలో పట్టుబడిన రోగులలో పదింట తొమ్మిది మందికి పైగా కోలుకుంటున్నారు. కనుక "విషం మందు ఎట్లా అవుతుంది?" అన్న ఆక్షేపణ నిలవదు. గంజాయిని చెడ్డ మొక్క అన్న కారణంతో తోసివేయడానికి లేదు. అట్లాగని ఆర్సెనిక్ పనిచేసింది గనుక ఇదీ పనిచేస్తుందనడమూ తర్కం కాదు. ఆర్సెనిక్ పరీక్ష నెగ్గింది. గంజాయి పరీక్ష ఎంతవరకు వచ్చింది?

మొక్కలోని మందు

వైద్యానికి గంజాయి కొత్తది కాదు. 1839లో కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న ఐరిష్ వైద్యుడు ఓషానెస్సీ ఈ మొక్కపై తన ప్రయోగాలను ప్రకటించాడు. అరబీ, పారశీక గ్రంథాలలో ఏమున్నదో తెలుసుకునేందుకు హుగ్లీ ఇమాంబాడా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీ వంటి విద్వాంసుల సహాయం పొందినట్లు ఆయనే పేర్కొన్నాడు. ముందు జంతువులకు, తర్వాత కీళ్ళవాతం, ధనుర్వాతం, పిచ్చికుక్క కాటు రోగులకు ఇచ్చి చూశాడు. కుక్క కాటు రోగి బ్రతకలేదు, కాని చివరి గంటల యాతన తగ్గింది. ఆ భేదాన్ని ఆ వైద్యుడు నిజాయితీగా రాసి ఉంచాడు. నేటి గంజాయి నూనె ప్రచారకులలో ఆ నిజాయితీ కనిపించదు.

మత్తు కలిగించే అసలు పదార్థం టి.హెచ్.సి. అని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలమ్, గావోని తేల్చారు. ఆ మొక్కలో ఇటువంటి పదార్థాలు నూరుకు పైగా ఉన్నవి. వీటినే కానబినాయిడ్లు అంటారు. సి.బి.డి. అనే మరొక పదార్థం మత్తు కలిగించదు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, ధర్మశాస్త్ర చర్చలో ఇది మళ్ళీ అవసరమవుతుంది. ఈ పదార్థాలు అతుక్కునే గ్రాహకాలు మానవ శరీరంలోనే ఉన్నట్లు తర్వాత తెలిసింది. మొదటిది ముఖ్యంగా మెదడులో ఉంటుంది. రెండవ దానిని 1993లో కనుగొన్నారు, అది రక్షణ కణాలలో, అంటే తెల్ల రక్తకణాల జాతిలో, ఎక్కువగా ఉంటుంది. విచిత్రమేమంటే ఆ రెండవ గ్రాహకాన్ని వెలికితీసింది ఒక లుకీమియా రోగి నుంచి సేకరించి ప్రయోగశాలలో పెంచుతూ వచ్చిన కణాల నుంచే. లుకీమియాపై ఈ పదార్థాలను ప్రయోగించాలన్న ఆలోచనకు అంత ఆధారమున్నది. అది కేవలం గాలివార్త కాదు.

అసలు ఆ ప్రయత్నం అంతకు ముందే, 1975లో, అమెరికాలోని వర్జీనియాలో జరిగింది. దీనినే నేటికీ ప్రచారకులు ఉదాహరిస్తారు, సగం మాత్రమే చెబుతారు. ఊపిరితిత్తుల కాన్సరు ఉన్న ఎలుకలకు టి.హెచ్.సి. ఇస్తే గడ్డ పెరుగుదల మందగించింది. ఒక వైరస్ వల్ల వచ్చే లుకీమియాలో ప్లీహం వాపు చాలావరకు తగ్గింది. కాని ఎల్.1210 అనే మరొక రకం లుకీమియా ఉన్న ఎలుకల ఆయుష్షు ఏ మోతాదులోనూ ఒక్క రోజు పెరగలేదని చెప్పదగినంత నిరాశాజనకంగా ఉన్నది ఫలితం. ఇవన్నీ ఒకే వ్యాసంలో ఉన్నవి.

మోతాదు సంగతి ఇంకా ముఖ్యం. ప్లీహం వాపు తగ్గించిన మోతాదు శరీరపు బరువు కిలోకు 200 మిల్లీగ్రాములు. ఎలుక మోతాదును మనిషికి మార్చే వాడుక సూత్రం ప్రకారం పన్నెండో వంతుకు తగ్గించినా 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు ఒక గ్రాము కావాలి. వైద్యంలో వాడే టి.హెచ్.సి. గొట్టం బిళ్ళ అన్నిటికంటె పెద్దది 10 మిల్లీగ్రాములు. నూరు బిళ్ళలు! స్పృహ మిగలదు.

2002లో అదే వర్జీనియా నుంచి మరొక పరిశోధన వెలువడింది. రెండవ గ్రాహకం ద్వారా టి.హెచ్.సి. లుకీమియా, లింఫోమా కణాలను ఆత్మనాశనానికి పురికొల్పుతుందని తేలింది. లింఫోమా కణాలు ఎక్కించిన ఎలుకలలో సుమారు నాలుగో వంతు పూర్తిగా కోలుకున్నవి. 2006లో మత్తు లేని సి.బి.డి. కూడా గాజు పాత్రలోని మానవ లుకీమియా కణాలను చంపగలదని చూపారు. 2017లో లండన్ పరిశోధకులు మరో సంగతి గమనించారు: ముందు కీమోథెరపీ మందు, తర్వాత కానబినాయిడ్ ఇస్తే కణాలు ఎక్కువగా చస్తున్నవి, వరుస తిరగబడితే ఆ లాభం లేదు. ఇంటి దగ్గర ఎవరికి తోచినట్లు వారు చుక్కలు వేసుకునేవారు ఈ ఒక్క ఫలితాన్ని చదివితే బాగుండును.

మరో పక్కను కూడా చెప్పుకోవాలి. 2005లో అదే వర్జీనియా బృందం రొమ్ము కాన్సరు ఎక్కించిన ఎలుకలకు టి.హెచ్.సి. ఇవ్వగా, శరీర రక్షణ శక్తి అణగిపోయి గడ్డలు మరింత పెరిగినవి. రెండవ గ్రాహకం రక్షణ కణాలపై ఉండడం రెండు వైపులా పదునుగల కత్తి.

మనుషుల మాటేమిటి? ఇక్కడికి వచ్చేసరికి కాగితాలు బాగా పలచబడతాయి. 2013లో కెనడా నుంచి ఒకే ఒక్క రోగిని గురించిన నివేదిక ప్రచురితమైంది. పద్నాలుగేళ్ళ బాలిక. తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకీమియా, అందులోనూ మొండి రకం. మూలుగ మార్పిడి, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ విఫలమైన తర్వాత కుటుంబం గంజాయి నూనె ప్రారంభించింది. మోతాదు పెంచినకొద్దీ రక్తంలో రోగకణాల సంఖ్య తగ్గుతూ వచ్చిందని నివేదిక చెబుతుంది. 78వ రోజున ఆ అమ్మాయి పేగులలో ఏర్పడిన చిక్కు వల్ల మరణించింది. కణాలు తగ్గడానికి నూనె కారణమా, మరేదైనా కారణమా అన్నది ఒక్క రోగితో తేలదు. ఆ నివేదిక రాసినవారు మరింత పరిశోధన జరగాలన్నారు. దానిని పట్టుకుని "లుకీమియా నయమైంది" అని ప్రచారం చేసేవారు పోయిన బాలిక పట్ల కూడా న్యాయంగా ప్రవర్తించడం లేదు. అమెరికా కాన్సరు వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో, క్రమబద్ధమైన పరీక్షల వెలుపల కాన్సరును తగ్గించే మందుగా కానబినాయిడ్లను వాడవద్దని వైద్యులకు చెప్పింది.

రుజువైన ఉపయోగం వేరే ఉన్నది. కీమోథెరపీ వల్ల వచ్చే వికారానికి, వాంతులకు డ్రొనబినాల్, నాబిలోన్ అనే రెండు మందులను 1985లో అమెరికా ఆమోదించింది. డ్రొనబినాల్ కృత్రిమంగా తయారైన టి.హెచ్.సి.యే. అయితే 1991లో ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చినప్పటి నుంచి వాంతులకు మత్తులేని మంచి మందులు దొరుకుతున్నవి. కానబినాయిడ్ మందులు అవి పనిచేయని రోగులకు మిగిలిన ఆసరాగా ఉన్నవి.

ఫుఖహా మాట

ఇప్పుడు ధర్మశాస్త్రం వైపు. ముందు ఒక అనువాద చిక్కు విప్పవలసి ఉన్నది. అరబీ ఫిఖ్ గ్రంథాలలో చికిత్స సందర్భంలో తరచు వచ్చే "బంజ్" అనే మాటను ఉర్దూ అనువాదాలు కొన్నిచోట్ల "భంగ్" చేసివేశాయి. ధ్వని దగ్గరగా ఉన్నది, మొక్కలు వేరు. వైద్య గ్రంథాలలో బంజ్ అంటే తెలుగు వైద్యులు ఖురాసాని వాము అనే మొక్క. భంగు అంటే గంజాయి మొక్క ఆకు, దానికి అరబీలో ఖిన్నబ్, వాడుకలో హషీష్, అనగా ఎండుగడ్డి. హిజ్రీ ఏడవ శతాబ్దపు మూలికా శాస్త్రజ్ఞుడు ఇబ్నుల్ బైతార్ "హిందూ దేశపు ఖిన్నబ్" అన్న రకాన్ని తాను ఈజిప్టు తోటలలో మాత్రమే చూశానని రాశాడు. అంటే తొలి ఇమాముల కాలంలో ఈ మత్తు ఆ ప్రాంతాలలో సామాన్యంగా వ్యాపించలేదు. బంజ్ గురించి తొలి హనఫీ పండితులు అన్న మాటను యథాతథంగా గంజాయికి అతికించేముందు, చెప్పింది ఏ మొక్కను గురించో చూడాలి.

గంజాయి మత్తును గురించి తర్వాతి పండితులలో భేదం నిషేధంపై కాదు, దాని స్వభావంపై. ఇబ్ను తైమియా (రహ్మలై) దానిని మద్యంతో సమానంగా ఎంచి అదే శిక్ష వర్తిస్తుందన్నాడు. మాలికీ పండితుడు ఖరాఫీ (రహ్మలై) మూడు తరగతులు చేశాడు: ఉల్లాసంతో మత్తెక్కించేవి, నిద్ర పుచ్చేవి, బుద్ధిని చెరిచేవి. హషీష్‌ను మూడవ దానిలో పెట్టాడు. దాని నుంచి ఆయన తీసిన ఫలితాలు చిన్నవి కావు. అది మద్యంవలె అపవిత్ర పదార్థం కాదు. తిన్నవాడికి న్యాయమూర్తి విచక్షణ మేరకు దండన ఉంటుందే గాని మద్యపానపు శిక్ష కాదు. బుద్ధిపై ప్రభావం చూపని స్వల్ప పరిమాణానికి నిషేధం వర్తించదు. షాఫయీ పండితుడు జర్కషీ (రహ్మలై) హషీష్‌పై ఒక ప్రత్యేక గ్రంథమే రాసి, దానిని వైద్యానికి వాడే ప్రశ్ననూ అందులో చర్చించాడు.

నిషిద్ధ వస్తువుతో చికిత్స విషయంలో ఒక వైపు, మద్యాన్ని మందుగా వాడవచ్చునా అని అడిగిన సహాబీకి అది మందు కాదు, వ్యాధి అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చిన హదీసు ఉన్నది. మరొక వైపు, విధిలేని స్థితిలో ఉన్నవాడు హద్దు మీరకుండా నిషిద్ధాన్ని పుచ్చుకుంటే పాపం లేదన్న ఖుర్ఆన్ ఆదేశం (2:173), దురద బాధతో ఉన్న ఇద్దరు సహాబీలకు పట్టుబట్టల అనుమతి లభించిన హదీసు ఉన్నవి. హనఫీ మస్లక్‌లో అసలు అభిప్రాయం నిషేధం. తర్వాతి హనఫీ పండితులు రెండు షరతులపై అనుమతించారు: అందులో స్వస్థత ఉన్నదని తెలిసి ఉండాలి, దానికి బదులు మరో మందు తెలియకపోవాలి. ఆ తెలియడం నమ్మదగిన వైద్యుని మాట ద్వారా. షాఫయీ పండితులు శుద్ధ మద్యాన్ని మందుగా ఒప్పుకోకపోయినా, కుళ్ళిన చేతిని నరికివేయవలసి వస్తే రోగికి స్పృహ తప్పించే ఔషధం ఇవ్వవచ్చునన్న మాటను ఇమామ్ నవవీ (రహ్మలై) సరైనదిగా ఎంచారు. శస్త్రచికిత్సలో మత్తు మందుకు ఏడు వందల ఏళ్ళనాటి అనుమతి అది. క్లోరోఫారం క్షేమకరమా అని తేల్చడానికి హైదరాబాదులో ఆరవ నిజాం ఖర్చుతో సర్జన్ లారీ ప్రయోగాలు జరిపించింది 1888–89లో!

ఈ కొలబద్దతో చూస్తే, లుకీమియాను నయం చేసే మందుగా గంజాయి నూనె రెండు షరతులలోనూ తప్పుతుంది. స్వస్థత ఉన్నదని తెలియలేదు. మెథోట్రెక్సేట్, విన్‌క్రిస్టిన్ వంటి పరీక్షకు నిలిచిన, మత్తులేని మందులున్నవి. పిల్లవాడికి నడుస్తున్న కీమోథెరపీ మానిపించి ఈ నూనె పోయడం గంజాయి హలాలా హరామా అన్న ప్రశ్న కంటె పెద్ద ప్రశ్నను లేవదీస్తుంది, అది అమానత్‌గా ఉన్న ప్రాణానికి సంబంధించినది. వాంతుల విషయం వేరు. మిగిలిన మందులు పనిచేయక ఆహారం నిలవని రోగికి వైద్యుడు కొలతతో ఇచ్చే కానబినాయిడ్ బిళ్ళ పై షరతులకు లోబడే వస్తుంది. మత్తులేని శుద్ధ సి.బి.డి.కి నిషేధ కారణమే లేదని చెప్పవచ్చును. కాని బజారులో సి.బి.డి. పేరుతో అమ్మే సీసాలో టి.హెచ్.సి. ఎంత ఉన్నదో చీటీ చూసి చెప్పలేము.

దేశ చట్టం మాట కూడా ఉన్నది. 1985 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూత కొసలను, చరస్‌ను నిషేధించింది. విత్తనాలను, కొసలు కలవని ఆకును ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతితో దారి ఉంచింది. ఇరవై కిలోల గంజాయికి మించితే పదేళ్ళకు తక్కువ కాని జైలు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల సంఘం 27–25 ఓట్లతో గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తొలగించింది, భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఇది పరిశోధనకు వెసులుబాటు. పెరటి గంజాయికి అనుమతిగా దీనిని చెప్పుకోవడం అబద్ధం.

రోగి ఇంట్లోవారికి తెలియవలసిన ప్రమాదాలు రెండున్నవి. ఒకటి, సి.బి.డి. కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకీమియాకు ప్రతిరోజూ మింగే ఇమాటినిబ్‌ను, విన్‌క్రిస్టిన్‌ను విరిచేదీ ఆ ఎంజైముల కుటుంబమే. మందు రక్తంలో పేరుకుపోవచ్చును. నూనె వాడుతున్న రోగి ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే, చెడు ఫలితం వచ్చినప్పుడు ఎవరికీ కారణం అంతుబట్టదు. సిగ్గుతోనో, పోలీసు భయంతోనో దాచేవారే ఎక్కువ. రెండవది, ఎండు గంజాయిలో బూజు ఉంటుంది. తెల్లకణాలు క్షీణించిన రోగి దానిని పొగగా పీల్చితే ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం ఊపిరితిత్తులకు పట్టి ప్రాణం తీసిన సందర్భాలున్నవి.

దీనికి పూర్తిగా తలక్రిందులైన పొరపాటు మరొకటి మన ఇళ్ళలో కనిపిస్తుంది. రుజువు లేని గంజాయి నూనెకు "ప్రాణం మీదికి వచ్చింది గదా" అని తలుపు తెరిచేవారే, చివరి దశ నొప్పికి డాక్టరు రాసిన మార్ఫిన్‌ను "నల్లమందు, హరామ్" అని తిప్పికొడతారు. మార్ఫిన్ నొప్పి తగ్గిస్తుందన్నది రెండు శతాబ్దాలుగా తెలిసిన సత్యం. తీవ్రమైన కాన్సరు నొప్పికి దానితో సమానమైన పనిచేసేవి కూడా చాలావరకు ఆ నల్లమందు కుటుంబానివే. ఫుఖహా పెట్టిన రెండు షరతులూ ఇక్కడ నెరవేరుతాయి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు మార్ఫిన్ సరఫరాను సులువు చేశారు. సికింద్రాబాదు నుంచి ఒక్క బస్సు దూరంలో, రెడ్ హిల్స్‌లో, మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగం పనిచేస్తున్నది.